మెతుకు దొర్లితే తెలుస్తుంది

కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది. ఇది తెలియని ఇల్లాలు లేదు. కానీ ఆ ముద్ద గింజ పసితనం వల్ల వచ్చిందా, పుట్టుకలోనే ఉన్న లోపమా? ఏడాది ఆగితే పలుకు తేలే బియ్యమా, ఎంతకాలం దాచినా జిగురు వదలని బియ్యమా? ఈ తేడాను సంక్రాంతి నాటికే పట్టేసేవాళ్లు మా మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు ఒకప్పుడు వీధికొకరు ఉండేవాళ్లు. ఇప్పుడు నాకు తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. విదేశాల్లో ఖరీదైన సిగార్‌ను లేతగా ఉండగానే ఒకటి కాల్చి చూసి, మిగతా పెట్టెను ఏళ్ల తరబడి మాగబెట్టే రసికులున్నారు. వాళ్ల విద్య పొగ మీద, మావాళ్ల విద్య అన్నం మీద.

నేను మామా అని పిలిచే పెద్దాయన ఒకరు నలభై ఏళ్లు మిల్లుల తరఫున వడ్లు కొన్నాడు. ఒకసారి ఆయన ముందు చెప్పకుండా మూడు పళ్లేల అన్నం పెట్టాం. ఒకటి ఆ ఏటి వానాకాలం సాంబ మసూరి, ఒకటి ఏడాది పాతది, ఇంకోటి ఆ రెండూ సగం సగం కలిపి వండింది. మొదటి రెండూ వాసనతోనే చెప్పేశాడు. మూడోదానికి మాత్రం రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపి, "గిందుల తల్లీ బిడ్డా ఇద్దరున్నరు అల్లుడా" అన్నాడు. అలాంటి మాట ఏ మీటరు చెప్తుంది?

ఆయన పరీక్ష కంటితో మొదలవుతుంది. గుప్పెడు బియ్యం నల్లగుడ్డ మీద పరిచి, కడుపులో సున్నపు చుక్కలాంటి తెల్లమచ్చ ఉన్న గింజల్ని పక్కకు జరుపుతాడు. అవి పాలు సరిగా గట్టిపడని గింజలు. తర్వాత ఒక్కో గింజనూ వెలుతురుకు అడ్డంపెట్టి సన్నటి గీత కోసం వెతుకుతాడు. హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లను తొందరపడి ఎండబెట్టినా, ఎండిన వడ్లు మళ్లీ మంచుకు తడిసినా గింజ లోపల పగులుతుంది. "ఎముక ఇరిగినోణ్ణి ఎంత మేపినా పైల్వాన్ గాడు" అంటాడు మామ. ఆ తర్వాత పంటి కింద పెడతాడు. టక్కున రెండు ముక్కలైతే ఆరుదల సరిపోయినట్టు. పన్ను దిగబడితే ఇంకా పచ్చిదనం ఉన్నట్టు. పచ్చిగా బస్తాకెత్తిన బియ్యం మాగదు, ముక్కిపోతుంది. తేమ 14 శాతం దాటకూడదని మిల్లులవాళ్లు మీటరు పెట్టి చూసేదాన్ని ఆయన ముందుపళ్లతో చూస్తాడు.

అసలు తీర్పు పొయ్యి దగ్గర. కుక్కర్‌ను దరిదాపులకు రానివ్వడు. చిన్న గిన్నెలో ఎసరు ఎక్కువ పెట్టి, ఉడికాక గంజి వారుస్తాడు. కొత్త బియ్యం గంజి చిక్కగానే వస్తుంది, అది చూసి బెదరాల్సిన పనిలేదు. వేడి అన్నం నోట్లో పెట్టుకుని తీర్పు చెప్పేవాడికి ఈ విద్యలో ఓనమాలు రానట్టే. మామ ఆ అన్నాన్ని పళ్లెంలో పరిచి, పేపర్ చదువుకోవడానికి అరుగు మీదికి పోతాడు. మూడు గంటలు దాని ముఖం చూడడు. తిరిగొచ్చాక ఒక్క మెతుకు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా దొర్లిస్తాడు. ఒక కొత్త సాంబ మసూరికి ఆయన ఇలా చేస్తుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. పైపొర వేలికి కాస్త అంటుకుంది కానీ మెతుకు నలగలేదు, నిండుగా దొర్లింది. పళ్లెం అంచును తడితే అంతవరకూ ముద్దగా ఉన్న అన్నం ఒక మెతుకునొకటి వదిలి జారింది. "దసరా దాకా ఓపిక పట్టు. ఉగాదికి బంగారమైతది" అన్నాడు.

చల్లారాక కూడా బంకలా సాగితే ఆ బియ్యం మీద ఆశ పెట్టుకోకూడదు, సకినాలకో పొంగలికో వాడేసుకోవడమే. చల్లారి బిరుసెక్కి గొంతుకు అడ్డంపడినా దాచి లాభం లేదు, పాతబడితే ఇంకా మొద్దవుతుంది. మెత్తదనం పోకుండానే మెతుకు విడివడాలి. ఆ రెండూ ఒకే గింజలో కలిసిరావడం ఎంత అరుదో వందల బస్తాలు చూసినవాళ్లకే తెలుసు.

శాస్త్రం కూడా మామ మాటనే బలపరుస్తుంది. బియ్యపు పిండిలో అమైలోజ్ అనే పదార్థం తగినంత ఉంటే అన్నం చల్లారే కొద్దీ బిగుసుకుంటుంది, తక్కువైతే జిగురుగానే మిగులుతుంది. ఇక నెలలు గడిచే కొద్దీ గింజలోని మాంసకృత్తులు ఒకదానికొకటి ముడిపడి పిండిని పట్టి ఉంచుతాయి. పాత బియ్యం ఎక్కువ నీళ్లు తాగి, బాగా ఒదిగి, పల్చటి గంజి విడిచేది అందుకే. జపాన్‌వాళ్లకు జిగురే ముద్దు కాబట్టి కొత్త బియ్యాన్ని నెత్తిన పెట్టుకుంటారు. ఇటలీలో మాత్రం రిసొట్టో బియ్యాన్ని ఏడాదికి పైగా మాగబెట్టి అమ్మేవాళ్లున్నారు.

ఇక గింజ సంగతి. మా నేలకు 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చాయి, నీళ్ల వెనక వరి, వరి వెనక మిల్లులు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, ఈ విద్య కోసమే పుట్టిందా అనిపిస్తుంది. హెచ్‌ఎంటీనీ తక్కువ చేయను. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన చిన్న పొలంలో తేడాగా కనిపించిన వెన్నులను ఏరి, ఏళ్ల తరబడి సాగుచేసి నిలబెట్టిన రకం అది. ఆ కంటికి దండం పెట్టాలి. అయినా నా ఓటు సాగర్ ఆయకట్టులో వానాకాలం పండిన సాంబ మసూరికే. తమ బియ్యమే గొప్పనే నంద్యాలవాళ్లు నొచ్చుకున్నా సరే. యాసంగి పంట మాత్రం దాచుకోవడానికి వద్దు. ఆ ఎండలకు గింజ పగిలి నూకే ఎక్కువొస్తుంది.

ఇంత విద్య ఉన్న గడ్డ మీద ఇప్పుడు నడుస్తున్న తంతు చూస్తే కడుపు మండుతుంది. వడ్లకు ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆడించి స్టీమ్ బియ్యమని అమ్మితే నాకు పేచీ లేదు. కావలసినవాళ్లు కొనుక్కుంటారు. నిన్న కోసిన వడ్లకు ఆవిరి పట్టి, సంచి మీద పాత బియ్యమని అచ్చేసేవాళ్లతోనే నా పేచీ. అన్నం పొడిగా రాలుతుంది, నిజమే. కానీ ఆ మెతుక్కి చారు పట్టదు, పెరుగు పట్టదు. ఏడాది ఓపికను అరపూట ఆవిరితో కొట్టేస్తామంటే అది పాత బియ్యాన్నే కాదు, దాన్ని దాచిన రైతునూ అవమానించడం. కొత్తవీ పాతవీ కలిపే ఘనులు మరో రకం. మా ఇంట్లో శుభకార్యానికి ఒక దుకాణదారు ఏడాది పాతవని ఒట్టేసి నాలుగు బస్తాలు అంటగట్టాడు. వంటవాడు పాత బియ్యానికి పెట్టే ఎసరే పెట్టాడు. మూత తీసేసరికి గంగాళంలో సగం సంకటి, సగం పలుకు. రెండో బంతి వాళ్లు ఆకుల ముందు కూర్చుని ఎదురుచూస్తుంటే మళ్లీ వండించాం. ఆ పూట పడ్డ సిగ్గు నాకింకా తగ్గలేదు.

మిల్లర్లకు చేతులు జోడించి అడిగేది ఒక్కటే. ఏ కారు పంటో, ఏ నెలలో ఆడించారో, ఆవిరి పట్టారో లేదో సంచి మీద నిజం అచ్చేయండి. మీ దగ్గర పాతకాలపు కొనుగోలుదారు ఎవరైనా మిగిలి ఉంటే, కుర్రాళ్లను నాలుగు నెలలు ఆయన పక్కన కూర్చోబెట్టండి. రంగు తేడా గింజల్ని ఏరడానికి సార్టెక్స్ యంత్రం ఉంది. ఏ గింజ మాగుతుందో చెప్పే యంత్రం మీ మిల్లులో లేదు.

మామ దొర్లించి చూసిన ఆ సాంబ మసూరి నేను రెండు బస్తాలు తెచ్చుకున్నాను. గోనె సంచుల్లో వేపాకు వేసి, కింద చెక్కలు పరిచి, గోడకు ఆనకుండా నిలబెట్టాను. ఒకదాని మీద దసరా అనీ, రెండోదాని మీద ఉగాది అనీ ఆయనే బొగ్గుముక్కతో రాశాడు. మా అమ్మాయి నెలకోసారి గుప్పెడు తీసి వండి, చల్లార్చి, మెతుకు దొర్లించి చూస్తోంది. పోయిన నెల గంజి కాస్త పల్చబడిందని మామకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన అవతల్నుంచి, "మరి చల్లారినంక ఎట్లున్నది బిడ్డా?" అని అడిగాడు.