వృద్ధదాంపత్యమున నిత్యసుఖము, ప్రయాణౌత్సుక్యము: 'మిథునం' కథాపరిశీలనము

మన ఆలంకారికులు నాయికను వయోభేదమును బట్టి ముగ్ధ, మధ్య, ప్రౌఢ యని మూడు విధములుగ విభజించిరి. అవస్థను బట్టి స్వాధీనపతిక మొదలు అభిసారిక వఱకు ఎనిమిది విధములుగ లెక్కించిరి. ఈ లెక్క యెంత నిశితమైనదైనను ప్రౌఢతో ఆగిపోయినది. ఆ ప్రౌఢకు అరువదేండ్లు నిండి, ఆమె నాయకుడు ఉద్యోగము చాలించి పెన్షను పుచ్చుకొనుచు ఇంటిపట్టున కూర్చున్నపుడు, వారి యిరువురి నడుమ నున్న భావమున కేమి పేరు? శాస్త్రమున దానికి ప్రత్యేకమైన పేరు లేదు. పేరు లేనంతమాత్రమున వస్తువు లేదనుట పొసగదు. ముదిమి హరింపజాలని రసము గల ప్రేమను గూర్చి భవభూతి ఉత్తరరామచరితమున రామునిచేత పలికించెను. కాని యచ్చటి రాముడు వృద్ధుడు కాడు. అది భవిష్యత్తును గూర్చిన ఆశయే గాని గడచిన అనుభవము కాదు.

ఆ అనుభవమును తెలుగున నిండుగా కథ చేసినవారు శ్రీరమణగారు. వారి 'మిథునం' గత శతాబ్దపు చివరి దశకమున వెలువడి తెలుగు పాఠకలోకమును ఊపివేసినది. చెన్నైవాసులైన బాపుగారు ఆ కథను ఆసాంతము తమ చేతివ్రాతతో వ్రాసికొని మురిసిపోయిరి. వేఱొకరి కథను కుంచె పట్టిన చేయి అక్షరాక్షరము తిరిగి వ్రాయుటకంటె మించిన ప్రశంస యుండదు. ఈ వ్యాసమున ఆ కథలోని నిత్యసుఖముల స్వరూపమును, దాని ప్రక్కన ప్రయాణమునకై యెదురుచూచుట యను భావమును నిలిపి పరిశీలించుట ఉద్దేశింపబడినది. ఈ రెండును విడివిడిగా కనబడును గాని, వృద్ధదంపతుల జీవితమున ఒకే వస్త్రమునకు పడుగుపేకలు.

తెలుగువారి దాంపత్యము ఒక ప్రయాణపు వేషముతోనే ఆరంభమగుచున్నది. పెండ్లిలో కాశీయాత్ర యను వేడుక చాల యిండ్లలో నేటికిని జరుగుచున్నది. వరుడు గొడుగు పట్టుకొని, పావుకోళ్లు తొడిగికొని కాశీకి బయలుదేరును. కన్యపక్షమువారు అడ్డుపడి, "మా పిల్లను చేసికొని గృహస్థుగా నుండుము, కాశీకి తరువాత పోవచ్చును" అని వెనుకకు పిలిచికొని వత్తురు. నాలుగడుగులతో ఆగిన ఆ యాత్ర అప్పటినుండి బాకీగా మిగిలిపోవును. పిల్లల చదువులు, పెండ్లిండ్లు, అప్పులు తీఱి, ఉద్యోగవిరమణము జరిగిన పిమ్మట ఆ బాకీ జ్ఞప్తికి వచ్చును. నాడు ఒంటరిగా బయలుదేరినవాడు నేడు భార్యతో బయలుదేరును. వృద్ధాప్యమున ప్రయాణోత్సాహమునకు మూలమిచ్చటనే కలదు. అది క్రొత్త కోరిక కాదు, నలుబదేండ్లు నిలువబెట్టిన మాట.

ఈ యాత్రకు వాఙ్మయమున తొలి మహాగ్రంథము చెన్నపట్టణముననే పుట్టినది. సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. దారిలో తాము చూచినదెల్ల కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసిరి. అదియే 'కాశీయాత్రచరిత్ర' యై 1838 లో అచ్చయినది. అది పుణ్యక్షేత్రమాహాత్మ్యముల గ్రంథమని చూడక చదివినవారు తలతురు. చదివినవారికి కనబడునది వేఱు. ఏ మజిలీలో నీరు మంచిది, ఎచ్చట అంగళ్లు కలవు, ఎచ్చట ఏ సరకులు దొరకును, దారి ఇసుకయా రాయియా అనునవియే పుటపుటను నిండియున్నవి. ఇల్లు విడిచి పదునైదు నెలలు తిరిగిన పెద్దమనిషి మనస్సు పూటపూటకు ఇంటినే వెదకికొన్నది. ప్రయాణమనగా గృహసుఖములను మోసికొని పోవుటయే యని ఆ గ్రంథము మనకు తెలుపుచున్నది.

ఇప్పుడు 'మిథునం' వైపు మరలుదము. వీరాస్వామయ్యగారు ఇంటిని దారిపొడుగున పఱచినట్లే, శ్రీరమణగారు లోకమునంతయు ఒక దొడ్డిలోనికి తెచ్చిరి. అప్పదాసు, బుచ్చిలక్ష్మి వృద్ధదంపతులు. పిల్లలు రెక్కలు వచ్చి యెగిరిపోయిరి. మిగిలినవి ఇల్లు, పెరడు, ఆవు, వంట, వాదము. అప్పదాసు భోజనప్రియుడు. బుచ్చిలక్ష్మి వండివడ్డించుటలో నేర్పరి, మాట విసరుటలో అంతకు మించిన నేర్పరి. కథలో చెప్పుకొనదగిన సంఘటన అరుదు. చెట్టు కాయుట, కాయ కోయుట, అది కూర యగుట, ఆ కూరపై తగవు వచ్చుట, ఆ తగవు తీఱుట, ఇవియే సంఘటనలు. ఇంత చిన్నవానితో ఇంత పెద్ద సుఖమెట్లు సిద్ధించినదని అడిగినచో, సమాధానము తగవులోనే యున్నదని చెప్పవలెను. ఇరువురును ఒకే వస్తువును నిత్యము గమనించుచున్నారు. ఉప్పు తగ్గినదని ఒకరికి తెలిసినపుడే రెండవవారికిని తెలియును. తగవు ఆ గమనిక యొక్క శబ్దము. మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథలలో నడివయస్సు దంపతుల చమత్కారము వెలసినది. ఆ మార్గమునే శ్రీరమణగారు ఇంకను ముందునకు, చివరిమెట్టు దాక కొనిపోయిరి.

కథకు పెట్టిన పేరు ఊరక పెట్టినది కాదు. మిథునమనగానే క్రౌంచమిథునము స్ఫురించును. వాల్మీకి చూచిన జంటలో మగపక్షి కూలినది, ఆడుపక్షి విలపించినది. ఇచ్చటను అప్పదాసు ముందుగా పోవును. కాని బుచ్చిలక్ష్మి మాట క్రౌంచి విలాపమునకు విపర్యయము. తాను ముందు పోయినచో ఆయనను కనిపెట్టి చూచువారెవరను భయముతో, ఆయనయే ముందు పోవలెనని ఆమె కోరుకొన్నది. సుమంగళిగా పోవలెనని నోములు నోచు జాతిలో ఆ పుణ్యమును కాలదన్నుకొన్న ఇల్లాలిని చూపుట సామాన్యమైన సాహసము కాదు. కథకు శిఖరమిదియే.

ఈ కథ మలయాళమున యం.టి. వాసుదేవన్ నాయర్‌గారి దర్శకత్వమున 'ఒరు చెఱు పుంచిరి' యను చలనచిత్రమై 2000 లో వెలువడెను. తెలుగున తనికెళ్ళ భరణిగారు 2012 డిసెంబరులో చిత్రముగా విడుదల చేసిరి. కథలో ఈ దంపతులను చూచి వచ్చి చెప్పు యువకుడొకడు కలడు. తెలుగు చిత్రమున ఆ పాత్ర లేదు, తెరపై ఇరువురే. యస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు, లక్ష్మిగారు ఆ యిరువురై నిలిచిరి. చెప్పువాడు తొలగుటచేత కొంత లాభము, కొంత నష్టము కలిగినవి. దంపతుల ఏకాంతము చిక్కబడినది. కాని బయటినుండి ఆ యింటికి ప్రయాణము చేసి వచ్చు మనిషి పోవుటచేత, లోకమునకును ఆ యింటికిని నడుమ దారి మూసికొనిపోయినది. చిత్రమున కాఫీపై ఒక దండకము కలదు. దేవతాస్తుతికి పేరుపడిన దండకమును ఉదయపు కాఫీకి చెల్లించుట హాస్యమే యైనను, నిత్యసుఖమును స్తుతియోగ్యముగ నెంచు వృద్ధుల దృష్టి అందు వెల్లడియగుచున్నది. చెన్నైలో డికాక్షను దిగు చుక్కలను లెక్కపెట్టుచు కూర్చుండు పెద్దలకు దీనిని వివరింపనక్కఱలేదు.

ఇంతవఱకు ప్రశంస. ఇక నొక ఆక్షేపము. అప్పదాసునకు దొరకిన విశ్రాంతి బుచ్చిలక్ష్మికి దొరకినదా? ఉద్యోగవిరమణము మగవానిది. ఏబదియెనిమిదో అరువదో నిండిన దినమున పూలదండ, శాలువ అతనికి వేయుదురు. పొయ్యికడ నున్నయామెకు ఆ తేదీ యేనాడును రాదు. పైపెచ్చు, ఇన్నాళ్లు తొమ్మిది గంటలకు గడప దాటినవాడు దినమంతయు ఇంటనే యుండుటచేత ఆమెకు పని పెరుగును. బుచ్చిలక్ష్మికి ఆ పనిలో అధికారము కలదు, ఆనందమును కలదు. కథకుడు దానిని గౌరవముతోనే చిత్రించెను. అయినను ఆమె సుఖము అతని సుఖమునకు వండిన ప్రతిబింబమే. ఆమె తుది కోరికయు అతని సౌకర్యమును గూర్చినదే. కథకు రంగమంతయు ఇల్లు, దొడ్డి యగుటచేత, ఆ గడప దాటి ఆమె యేమి చూడదలచెనో తెలిసికొను అవకాశము పాఠకునకు లేదు.

ఇచ్చటనే ప్రయాణము యొక్క మర్మము బయలుపడుచున్నది. భర్తకు ఇల్లు విశ్రాంతి. భార్యకు ప్రయాణము విశ్రాంతి. సత్రములో ఆమె కూర్చుండును, వేఱొకరు వడ్డింతురు. రైలులో ఆమె కిటికీ ప్రక్కన చేతులు ముడుచుకొని కూర్చుండును. పులిహోర పొట్లములు కట్టుట, ఊరగాయ సీసా మూతకు గుడ్డ చుట్టుట ఆమె పనియే యైనను, బండి కదలిన క్షణముననుండి ఆమెకు సెలవు. చెన్నైలో మాంబళముననో పెరంబూరుననో చిన్న వాటాలో కాపురముండు తెలుగు దంపతులకు అప్పదాసు దొడ్డి లేదు, కుండీలో తులసియు కరివేపమొక్కయు మాత్రమే కలవు. వారికి పెరడు లేని లోటును ప్రయాణమునకై యెదురుచూచుట కొంత తీర్చుచున్నది. 1856 జులై 1వ తేదీన రాయపురమునుండి దక్షిణదేశపు తొలి రైలుబండి కదలినది మొదలు ఈ నగరమున ఆ యెదురుచూపునకు ఒక వేళాపట్టిక యేర్పడినది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత క్రమముగా అర్థము కోల్పోయినది. భయము తగ్గిన కొలది ఔత్సుక్యము పెరిగినది.

ఆలంకారికులు ఔత్సుక్యమును ముప్పదిమూడు సంచారిభావములలో నొకటిగా నెంచిరి. సంచారి యనగా వచ్చిపోవునది. యౌవనమున అది నిజమే. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొగలితుఱ్ఱు విడిచి పోవునపుడు అతనిది తెలియనిదానికై ఉబలాటము. వృద్ధులది అట్లు కాదు, తెలిసినదానికై యెదురుచూపు. ఎన్నడో చూచిన గోదావరిని మఱల చూడవలెను, పుట్టిన ఊరి చెఱువుగట్టున మఱల నడువవలెను. అట్టి ఔత్సుక్యము వచ్చిపోవునది కాదు, నెలలకొలది నిలుచును. రైలుటిక్కెట్టు నూటయిరువది దినములు ముందుగా తీసికొనగలిగినంతకాలము ఆ సుఖము నాలుగు నెలలు సాగెడిది. 2024 నవంబరు 1వ తేదీనుండి ఆ గడువు అరువది దినములయినది. ఇంకొక మాటయు చెప్పవలెను. రైలుశాఖవారు మగవారికి అరువదవ యేట నూటికి నలుబది వంతులు, ఆడువారికి ఏబదియెనిమిదవ యేటనే నూటికి ఏబది వంతులు టిక్కెట్టు ధరలో తగ్గించెడివారు. ఇల్లాలికి కొంచెము ముందుగా, కొంచెము ఎక్కువగా దొరకిన విరమణభృతి యదియొక్కటే యనిపించును. 2020 మార్చిలో దానిని నిలిపివేసిరి.

నిత్యసుఖము, ప్రయాణము కలియు చోటు మన ఆచారములో నొకటి కలదు. కాశీకి పోయినవారు తమకిష్టమైన కాయనో పండునో అచ్చట విడిచి, ఇకపై తినకుండుట వాడుక. ఏది విడువవలెనను చర్చ ఎన్నియో యిండ్లలో ప్రయాణమునకు ముందే నడచును. అంతగా రుచింపని కాయను విడిచి పుణ్యము కట్టుకొన్న గడుసువారును లేకపోలేదు. అప్పదాసును బుచ్చిలక్ష్మియు కాశీకి పోయియుండినచో ఆ వాదమెంత రసవత్తరముగా నుండెడిదో సహృదయు లూహించుకొనవచ్చును. ఆ అధ్యాయము కథలో లేదు. ఉండవలసినదని నిర్బంధించుట విమర్శకుని పని కాదు, లేదని గుర్తించుట మాత్రము అతని పనియే.

ఆ లోటు ఒక్క కథది కాదు. అష్టవిధనాయికలలో ప్రోషితభర్తృక కలదు, ఆమె భర్త ప్రయాణమైనాడు, ఆమె ఇంట వేచియున్నది. అభిసారిక గడప దాటును, కాని ఆమె గమ్యము నాయకుడే. ఊరు చూచుటకై పెట్టె సర్దికొన్న నాయిక శాస్త్రమున లేదు. జీవితమున మాత్రము కలదు. చెన్నపట్టణపు తెలుగు వనిత పోతం జానకమ్మగారు ఇంగ్లండునకు పోయి వచ్చి, తాను చూచినవానిని తెలుగున వ్రాసి, 1876 లో ఆంగ్లానువాదమును ఇచ్చటనే ప్రకటించిరి. నూటయేబది యేండ్లనాడు ఒక స్త్రీ కన్నులతో ప్రయాణమును వ్రాయగలిగిన నగరమిది. ఆ దారిలో, అరువది దాటిన ఇల్లాలి కన్నులతో, నిండైన తెలుగు కథ యొకటి రావలసియున్నది.

ఈ నగరమున అట్టి కథకు కాలము మీఱుచున్నది. తాతయు అమ్మమ్మయు తెలుగున ముచ్చటించుకొందురు, వారి మనుమలలో పలువురు తెలుగు విందురే గాని చదువలేరు. ఊరగాయ పెట్టు పద్ధతి, మూట కట్టు తీరు, సత్రపు ముచ్చట, వీని మాటలు ఆ దంపతుల నోటనే బ్రతికియున్నవి. వానిని వ్రాసి పెట్టినచో నిఘంటువునకు ఎక్కని తెలుగు కొంత నిలుచును. శ్రీరమణగారు 2023 లో స్వర్గస్థులైరి. వారు దొడ్డిలోని సుఖమును మనకు దక్కించి పోయిరి. గడపకావలి సుఖమును బుచ్చిలక్ష్మి నోట చెప్పించుట తరువాతివారి వంతు.