గీత తప్పితే వస్తువు తప్పినట్టే

కెనడాలోని మిస్సిసాగాలో మా అబ్బాయి చదివే హైస్కూల్లో తల్లిదండ్రులను పిలిచిన సాయంత్రం టెక్నలాజికల్ డిజైన్ క్లాసుకు వెళ్లాను. గది నిండా కంప్యూటర్లే. నా కళ్లు మాత్రం ఓ మూల డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడ్డ పదకొండో తరగతి అమ్మాయి దగ్గరే ఆగిపోయాయి. కాగితానికి నాలుగు మూలలా టేపు వేసింది. ఎడమచేత్తో టీ స్క్వేర్ అదిమిపట్టి, 2హెచ్ పెన్సిల్ కుడివైపుకు లాగుతూ వేళ్ల మధ్య దాన్ని మెల్లగా తిప్పుతోంది. అలా తిప్పితేనే ములుకు అన్ని పక్కలా సమానంగా అరుగుతుంది. అడుగు పొడవు గీత మొదట్లో ఎంత సన్నమో చివర్లోనూ అంతే సన్నం. ఏం చేయి అది! ముప్పయ్యేళ్ల కిందట కాలేజీ డ్రాయింగ్ హాల్లో మా మాస్టారు వెనక నిలబడి "పెన్సిల్ తిప్పరా, తిప్పు!" అని మొత్తుకున్నది చెవుల్లో మోగింది.

ఈ విద్య అంతా ఒక్క కిటుకు మీద నిలబడింది. నిండైన వస్తువును బల్లపరుపు కాగితం మీద అబద్ధం లేకుండా చెప్పాలి. ఫొటోలో దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా పడుతుంది. దాన్ని చూసి ఏ మెకానిక్కూ ఇనుము కోయలేడు. అందుకే ఎదుటి నుంచి ఒక చూపు, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. ఫ్రాన్సులో గాస్పార్ మోంజ్ దీన్ని శాస్త్రంగా కట్టాడని, కొన్నాళ్లు సైనిక రహస్యంగా దాచారని చెబుతారు. ఈ చూపులను అమర్చే తీరులో ఇండియాలో మనం నేర్చుకున్నది ఫస్ట్ యాంగిల్, పైనుంచి చూసింది ఫ్రంట్ వ్యూ కింద పడుతుంది. కెనడాలో థర్డ్ యాంగిల్, పైచూపు పైనే, కుడిచూపు కుడివైపే. నా కళ్లకు మొదట తలకిందులుగా తోచింది కానీ, పిల్లల బుర్రకు త్వరగా ఎక్కేది ఇదేనని ఇప్పుడు గట్టిగా చెబుతాను.

ఇక గీతలకు ఒక లిపే ఉంది. కనిపించే అంచుకు లావు గీత, చాటున ఉన్న అంచుకు తెగిన గీత, రంధ్రం నడిమికి సెంటర్ లైన్, కోసి చూపిన చోట 45 డిగ్రీల ఏటవాలు గీతలు. చెప్పిన కొలత మళ్లీ చెప్పకూడదు, అవసరమైనది వదలకూడదు. యంత్రభాగానికి మిల్లీమీటర్లు, ఇంటి ప్లానుకు అడుగులూ అంగుళాలూ. ఇక్కడి ఇళ్లు కట్టే 'టూ బై ఫోర్' చెక్క నిజానికి ఒకటిన్నర, మూడున్నర అంగుళాలేనని మావాడికి తెలిసింది ఈ క్లాసులోనే.

కాగితం తర్వాత క్యాడ్, అంటే కంప్యూటర్‌లో గీయడం. ఆ రోజు టీచరు పిల్లలకు ఒక ఇనుప బ్రాకెట్టూ వెర్నియర్ కాలిపరూ ఇచ్చి, కొలిచి మోడల్ కట్టమన్నారు. తెర మీద గీసింది ముందు నీలంగా ఉంటుంది. అంటే ఇంకా కట్టు పడలేదు, మౌస్‌తో లాగితే ఎటైనా పోతుంది. ఈ గీత ఆ గీతకు సమాంతరం, ఈ రెండు వృత్తాలకూ కేంద్రం ఒకటే, అని ఒక్కో షరతు పెట్టేకొద్దీ ఒక్కో గీతా నల్లబడుతుంది. అన్నీ నల్లబడ్డాక బొమ్మ ఇక కదలదు. ఒక కుర్రాడు ఆ పని సగంలో వదిలేశాడు. టీచరు వచ్చి వెడల్పు 80 మిల్లీమీటర్లను 100 చేయమనగానే రంధ్రం పాత చోటే ఉండిపోయింది, నడుమ కాస్తా పక్కయింది. పెన్సిల్ తిప్పిన అమ్మాయి మోడల్లో అదే మార్పుకు రంధ్రం చక్కగా నడిమికి జరిగింది. కుర్రాడు అంచు నుంచి దూరం రాశాడు. ఆమె "వెడల్పు ఎంతైనా ఇది నడుమే ఉండాలి" అని తన ఉద్దేశాన్ని రాసింది. క్యాడ్ అంటే ఇదీ!

ఈ పనిలో మహామహులు పుట్టిన నేల ఇది. మా ఇంటికి దగ్గర్లోని మాల్టన్‌లోనే ఏవ్రో యారో యుద్ధవిమానం తయారైంది. చేత్తో నమూనా చేసి చూసుకోకుండా, డ్రాయింగుల నుంచి నేరుగా ఫ్యాక్టరీలో భాగాలను పట్టి ఉంచే జిగ్గుల మీదే మొదటి విమానాన్ని కట్టారు. గీసినవాళ్ల మీద ఎంత నమ్మకం! 1958 మార్చి 25న అది ఎగిరింది. 1959 ఫిబ్రవరి 20న ప్రభుత్వం ఆ ప్రాజెక్టును రద్దు చేసింది. విమానాలను ముక్కలు చేసి, కాగితాలు ధ్వంసం చేయమన్నారు. కెన్ బార్న్స్ అనే సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ మనసొప్పక కొన్ని డ్రాయింగులు ఇంటికి తెచ్చి దాచారు. దశాబ్దాల తర్వాత, 2020లో సస్కటూన్‌లో వాటిని ప్రదర్శించారు, అదీ ఆ ప్రాజెక్టును రద్దు చేసిన ప్రధాని డిఫెన్‌బేకర్ పేరిటి కేంద్రంలో! అంతకు ముందు ఎల్సీ మెక్‌గిల్ అనే మహిళా ఇంజనీరు. 1929లో పోలియో కాళ్లను దెబ్బతీసినా లొంగలేదు. రెండో ప్రపంచయుద్ధంలో ఫోర్ట్ విలియం ఫ్యాక్టరీలో చీఫ్ ఇంజనీరుగా 1,400కు పైగా హరికేన్ విమానాలు తయారు చేయించారు. మనవాళ్లు తక్కువేం కాదు. కె.ఎల్.నారాయణ, పి.కన్నయ్య, కె.వెంకటరెడ్డి గార్ల మెషిన్ డ్రాయింగ్ పుస్తకం నా దృష్టిలో ఏ దేశపు పుస్తకానికీ తీసిపోదు. నా కాపీ నాతోపాటు సముద్రం దాటింది.

ఇంత గొప్ప విద్యకు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. మా రోజుల్లో గాజుపలక కింద బల్బు పెట్టి పక్కవాడి షీటు దించేవాళ్లు. ఇప్పుడు ఆ పాపానికి కొత్త రూపం వచ్చింది. నెట్‌లో రెడీమేడ్ మోడల్ దించుకుని, పేరు మార్చి, రంగు మార్చి ఇచ్చేయడం! తెర మీద నిగనిగలాడుతుంది. "ఈ రంధ్రం ఎందుకు ఇక్కడుంది?" అని అడిగితే నోట మాట రాదు. అలాంటి మోడల్ చూసి 'వావ్' అనే పెద్దల్నీ చూశాను. ఒక బడిలోనైతే డ్రాయింగ్ బోర్డులన్నీ వెనక గోడకు ఆనించి, తీసుకెళ్లమని చీటీ అంటించారు. కంప్యూటర్ వచ్చింది కదా అని పెన్సిల్‌ను వెళ్లగొట్టడం, క్యాలిక్యులేటర్ వచ్చిందని ఎక్కాలు మానేయడం లాంటిదే.

అంతకన్నా బాధ మన ఇళ్లలోది. "అది వర్క్‌షాపు క్లాసు, మార్కులు రాని పిల్లలకు" అని కొట్టిపారేసే అమ్మానాన్నలు నాకు బోలెడుమంది తెలుసు. కాలిక్యులస్ ఉండాలి, కోడింగ్ ఉండాలి, గీత మాత్రం వద్దు! రేపు ఇంజనీరింగ్‌లో చేరేది ఈ పిల్లలే కదా? స్కిల్స్ కెనడా జాతీయ పోటీల్లో మెకానికల్ క్యాడ్ ఒక విభాగం. అందులో పిల్లలు గంటల తరబడి దీక్షగా కూర్చుని పని చేస్తారు. ఆ దీక్ష ఏ ట్యూషన్‌లో దొరుకుతుంది?

అంటారియోలో 2024 సెప్టెంబరులో తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లల నుంచి డిప్లొమాకు ఒక టెక్నాలజీ క్రెడిట్ తప్పనిసరి. ఆ ఒక్కటితో చేతులు దులుపుకోకండి. పదకొండు, పన్నెండుల్లో టెక్నలాజికల్ డిజైన్ తీసుకోనివ్వండి. బ్రిటిష్ కొలంబియాలో ఉంటే డ్రాఫ్టింగ్ క్లాసు ఉందేమో బడిలో అడగండి. ఈ ఆదివారం వంటింట్లోంచి ఒక ఇడ్లీ రేకు తెచ్చి పిల్లల ముందు పెట్టి, మూడు చూపుల్లో గీయమనండి. గుంట ఎంత లోతో చెప్పాలంటే ఎక్కడ కోసి చూపాలో వాళ్లనే ఆలోచించనివ్వండి. ఆ కాగితం చూశాకే కోర్సుల ఫారం మీద సంతకం పెట్టండి.