అమ్మతో చూసిన అపు

సత్యజిత్ రాయ్ తీసిన అపు సినిమాలు మూడింటిలో ఐదు చావులున్నాయి. ముసలి ఇందిర్ ఠాక్రూన్, అపు అక్క దుర్గ, తండ్రి హరిహర్, తల్లి సర్వజయ, చివరికి భార్య అపర్ణ. ఇన్ని చావులున్న కథ ఎవరి చేతిలో పెట్టినా మంచం చుట్టూ జనం, ఆఖరి మాటలు, గుండెలు బాదుకోవడం తప్పవు. రాయ్ వాటి జోలికే పోలేదు. ఇందిర్ ఠాక్రూన్ వెదురు తోపులో కూర్చున్నది కూర్చున్నట్టే ఉంటుంది. దుర్గ ఆటగా వెళ్ళి కదిపితే ఒరిగిపోతుంది, ఆమె చెంబు దొర్లుకుంటూ పోతుంది. దుర్గ పోయిన రాత్రి మనకు కనిపించేది గాలివాన, కొట్టుకునే తలుపు, గూట్లో వినాయకుడి బొమ్మ, వణికే దీపం. హరిహర్ ఒక్కడే మన కళ్ళెదుట పోతాడు. అక్కడ కూడా గంగాజలం గొంతులో పడీ పడగానే కాశీలో పావురాల గుంపు ఒక్కసారిగా పైకి లేస్తుంది, మన చూపు అటు పోతుంది. సర్వజయకి మిణుగురులు. అపర్ణకి అవీ లేవు, కబురు మాత్రమే.

ఈ మూడూ నేను మా అమ్మ పక్కన కూర్చుని చూశాను. ఆదివారం మధ్యాహ్నాలు దూరదర్శన్‌లో ఇతర భాషల సినిమాలు వేసే రోజుల్లో 'పథేర్ పాంచాలీ'తో మొదలైంది మేమిద్దరం కలిసి చూడటం. చక్రపాణి గారి అనువాదాల్లో శరత్‌ని చదివి పెరిగిన తరం ఆమెది. బెంగాలీ పల్లె, చెరువుగట్లు, తోడికోడళ్ళ ఎత్తిపొడుపులు ఆమెకు పక్కవీధి సంగతులు. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఆమె కూడబలుక్కునేలోగా మాయమైపోయేవి. అందుకని ఒక్కో మాటా నేను తెలుగులో చెబుతూ వచ్చాను. హరిహర్ ఇంటికొచ్చే చోట ఆమె నా మోకాలి మీద తట్టి, "నువ్వు కాసేపు నోరు మూసుకోవే, నాకు తెలుస్తూనే ఉంది" అంది.

అసలు విద్య ఆ సన్నివేశంలోనే ఉంది గనక కాస్త ఆగి చూడాలి. సంపాదన కోసం ఊళ్ళు పట్టిపోయిన హరిహర్ నెలల తరవాత తిరిగొచ్చాడు. కూలిన గోడ చూస్తాడు, పిల్లల్ని కేకేస్తాడు. సర్వజయ కాళ్ళకి నీళ్ళు పెడుతుంది, మాట మాత్రం రాదు. ఆయన తెచ్చిన సరుకు ఒక్కొక్కటే బయటికి తీస్తాడు. ముందు పీటా అప్పడాల కర్రా, తరవాత లక్ష్మీదేవి పటం, ఆఖరున దుర్గకని చీర. ఆ వరసే చూడండి. వంటింటి వస్తువు, దేవుడి వస్తువు, అప్పుడు లేని పిల్ల వస్తువు. మొదటి రెండూ సర్వజయ ఓర్చుకోగలిగినవి. మూడోది చేతిలో పడగానే ఆమె దాన్ని మొహానికి అదుముకుని కుప్పకూలుతుంది. నోరు తెరుచుకుంటుంది గానీ గొంతు మనకు వినపడదు. ఆ చోట తార్ షెహనాయ్ పై స్థాయిలో ఒక్కసారిగా మోగుతుంది. లోహపు కొమ్ము బిగించిన ఎస్రాజ్ లాంటి తీగవాయిద్యం అది. వాయించినవారు దక్షిణామోహన్ టాగూర్, రాగం పట్‌దీప్. కరుణా బెనర్జీ నిజంగానే ఏడ్చి ఉంటుంది. ఆ ఏడుపు వినిపిస్తే అది ఒక్క సర్వజయ ఏడుపు అయ్యేది. దాన్ని తీసేసి వాయిద్యం పెట్టడం చెప్పుకోవడానికి సులువే, కానీ మొదటి సినిమా తీస్తున్నవాడికి నటి గొంతు నొక్కేసే ధైర్యం అంత సులువుగా రాదు.

అమ్మ నాకు పట్టిచ్చింది దానికంటే చిన్నది. దుర్గ పోయాక అపు పళ్ళు తోముకుంటాడు, తల దువ్వుకుంటాడు, శాలువా కప్పుకుని బయటికి వెళ్ళబోయి ఆకాశం చూసి, వెనక్కి వచ్చి గొడుగు తీసుకుంటాడు. "వాడే దువ్వుకుంటున్నాడు చూశావుటే" అంది. అప్పుడు గుర్తొచ్చింది, బడికి వెళ్ళే మొదటి రోజున వాణ్ణి తయారు చేసింది తల్లీ, అక్కాను. దుప్పటి చిరుగులోంచి వాడి కన్ను తెరిచింది దుర్గే. గంట కిందట నాటిన విత్తు ఇక్కడ మొలిచింది. వాడికి లోకం మారిందని చెప్పడానికి రాయ్ ఒక్క డైలాగు కూడా ఖర్చు పెట్టలేదు. దుర్గ దొంగిలించిన పూసల దండ వాడికి దొరికినప్పుడు కూడా అంతే. చెరువులోకి విసిరేస్తాడు, పాచి విచ్చుకుని మళ్ళీ కమ్ముకుంటుంది. సర్వజయకి గానీ పక్కింటివాళ్ళకి గానీ ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఈ సినిమా ఎంత కటకటగా తయారైందో అందరూ చెప్పుకునే కథే. కలకత్తాలో ప్రకటనల కంపెనీలో ఉద్యోగం, సెలవు రోజుల్లో షూటింగు. 1952 అక్టోబరులో రెల్లుపూల మధ్య కొంత తీసి, మరుసటి ఆదివారం వెళ్ళేసరికి పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్ళీ పూసేదాకా ఏడాది ఆగారు. భార్య బిజయ నగలు తాకట్టుకెళ్ళాయి. చివరికి ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పూనికతో బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చింది. పేరులో దారి ఉంది కదా అని ఆ ఖర్చుని రోడ్ల పద్దులో రాశారని చెప్పుకుంటారు! ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రకి అప్పటికి ఇరవై ఒక్కేళ్ళు, అంతకుముందు సినిమా కెమెరా నడిపినవాడు కాదు. ఈ ఆలస్యమంతా సినిమాకి మేలే చేసిందని నా అనుమానం. ఎనభై ఏళ్ళ చునీబాలా దేవి ఆ లోపల బతికి ఉండటం, పిల్లలు మరీ ఎదిగిపోకపోవడం అదృష్టమని రాయ్ తానే చెప్పుకున్నాడు. సినిమా 1955లో విడుదలయ్యేనాటికి ఆ ముసలావిడ లేదు.

'అపరాజితో' సంగతి వేరు. 1956లో వచ్చింది, మరుసటి ఏడాది వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది, సొంత ఊళ్ళో మాత్రం ఆడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవలలో తల్లి పోయిందన్న కబురు విన్న అపుకి మొట్టమొదట కలిగేది కట్టు తెగిన హాయి. ఆ తరవాతే దుఃఖం. రాయ్‌ని ఈ సినిమాకి లాగింది ఆ ఒక్క ముక్కే. దాన్ని తెర మీద నేరుగా చూపించకుండా సినిమా నడకలోకే దింపాడు. కలకత్తాలో అపు ఎప్పుడూ కదులుతూనే ఉంటాడు. పగలు కాలేజీ, రాత్రి అచ్చాఫీసులో పని, ట్రాములు, స్నేహితుడు. ఊళ్ళో సర్వజయ కూర్చుని ఉంటుంది. చెట్టు మొదట్లో, గుమ్మంలో, గట్టు మీద. దూరంగా రైలు కూత. ఎడిటర్ దులాల్ దత్తా ఈ రెండు లయల్నీ ఎక్కడా కలవనివ్వడు. కొడుకు నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపే సన్నివేశం ఒక్కటైనా వెతకండి, దొరకదు. వాడు చెడ్డవాడు కాడు. వాడి వేగం వేరు, అంతే.

సెలవులకి వచ్చిన అపు పక్క మీద వాలగానే తల్లి మెల్లిగా అడుగుతుంది, నేను మంచాన పడితే నీ సంపాదనతో వైద్యం చేయిస్తావా అని. జవాబు రాదు. తిరిగి చూస్తే నిద్రపోయాడు. కరుణా బెనర్జీ ఇక్కడ చిన్నబుచ్చుకోదు, నవ్వదు, నిట్టూర్పు కూడా విడవదు. మరో సన్నివేశంలో పొద్దున్నే రైలుకి లేపమంటాడు, ఆమె లేపదు. వాడు విసుక్కుని పరుగెత్తుతాడు. స్టేషన్‌లో రైలొచ్చి నిలబడ్డా ఎక్కకుండా వెనక్కి వచ్చి, రైలు తప్పిపోయిందంటాడు. ఇద్దరూ చెరొక అబద్ధం ఆడారు. ఇద్దరికీ అవతలివారి అబద్ధం తెలుసు. తల్లీకొడుకుల ప్రేమ గురించి నేను చూసిన సినిమా సన్నివేశాల్లో దీనికి సాటివచ్చేది లేదు.

అమ్మ మాత్రం ఇదే సినిమాలో కాశీ ఇంటి దగ్గర ఆగిపోయింది. "ఆ వాకిట్లో ఎండ పడదు గానీ వెలుగుంటుంది. మా అమ్మమ్మగారి మండువా అంతే" అంది. అది స్టూడియోలో బన్సీ చంద్రగుప్త కట్టించిన సెట్ అంటే ఒప్పుకోలేదు. ఆమెను అంతలా నమ్మించింది సుబ్రత మిత్ర. నడిమి వాకిట్లోకి పైనుంచి దిగే వెలుగుకి నీడలుండవు. స్టూడియో లైట్లు సూటిగా కొడితే మనిషికి రెండు మూడు నీడలు పడతాయి. అందుకని సెట్ మీద తెల్లటి గుడ్డ పరిపించి, లైట్లను దానివైపు తిప్పి, అక్కణ్ణుంచి తిరిగి కిందికి పడిన వెలుగులో తీశాడు. ఈనాడు ప్రతి షూటింగులోనూ మామూలైపోయిన పని ఇది. అప్పట్లో ఇక్కడ ఎవరూ ఇలా చేసేవారు కాదు.

ఇంత శుభ్రంగా ఆ వెలుగు మాకు కనిపించడం వెనక మరో చేతిపని ఉంది. 1993లో లండన్‌లో ఒక ల్యాబ్ తగలబడి ఈ మూడింటి అసలు నెగెటివ్‌లూ కాలిపోయాయి. పెళుసెక్కి, ముడుచుకుపోయి పనికిరావనిపించిన రీళ్ళని అమెరికన్ ఫిల్మ్ అకాడమీ పారేయలేదు. రెండు దశాబ్దాల తరవాత ఇటలీలో బొలోన్యాలోని నిపుణులు వాటిని ద్రావణాల్లో మెత్తబరిచి, చిరిగిన అంచుల్ని చేత్తో అతికి, మిగలని చోట్ల వేరే ప్రింట్లలోంచి తెచ్చి పూరించారు. 2015లో కొత్త ప్రతులు వచ్చాయి. దూరదర్శన్‌లో బూడిదరంగు మరకగా కనిపించిన సర్వజయ చీర మీద ఇప్పుడు మాసికలు లెక్కపెట్టొచ్చు. అమ్మ లెక్కపెట్టింది కూడా, కుట్టు ఎటు వేశారో చూసి మరీ.

తరవాత అమ్మ జబ్బు పడింది, పోయింది. అప్పుడు నేను హైదరాబాదులో, ఆమె మచిలీపట్నంలో. జబ్బు ముదిరినా కొడుక్కి పరీక్షలని, కబురు పెట్టొద్దంటుంది సర్వజయ. మా అమ్మకి పరీక్షల సాకు లేదు, నా ఆఫీసు సాకు ఉంది. ఈ పోలికని ఇంతకంటే సాగదీయడం నాకిష్టం లేదు, సినిమా మనకోసమే తీశారనుకోవడం మొదలుపెడితే ఇక దాన్ని చూడటం మానేస్తాం. కానీ కర్మకాండలన్నీ అయ్యాక ఒక్కదాన్నే కూర్చుని 'అపరాజితో' వేసుకున్నప్పుడు, ఎన్నోసార్లు చూసిన చోటే కొత్త పనితనం కనిపించింది. అపు ఇంటికి వస్తాడు, అమ్మా అని పిలుస్తాడు. ఎవరూ పలకరు. ఇంట్లోని పెద్దాయన ఎదురుపడతాడు. పోయిందని ఆయన చెప్పడు, వీడు అడగడు. కెమెరా వాడి మొహం మీదికి దూకదు. చెట్టు వేళ్ళ మధ్య కూర్చుని ఏడవడం కాస్త దూరం నుంచే చూస్తాం. ఆ తరవాత రాయ్ చేసిందే గట్టి పని. ఊళ్ళోనే ఉండి పౌరోహిత్యం చేసుకోమని పెద్దాయన అంటే, అపు పరీక్షలున్నాయని మూట కట్టుకుంటాడు. తల్లికి చేయాల్సినవి కాళీఘాట్‌లో చేస్తానంటాడు. 1956 నాటి ప్రేక్షకుడికి మింగుడుపడనిది ఇదే అయ్యుంటుంది. నాకు మాత్రం, పదకొండో రోజు దాటగానే ఆఫీసు నుంచి వచ్చిన ఫోనుకి మామూలు గొంతుతో జవాబు చెప్పినప్పుడు, వాడు కొత్తగా కనిపించలేదు.

'అపూర్ సంసార్' 1959లో వచ్చింది. మూడింటిలో ఎక్కువమందికి నచ్చేది ఇదే. సౌమిత్ర చటర్జీకీ, పద్నాలుగేళ్ళ షర్మిలా టాగూర్‌కీ మొదటి సినిమా. కాపురం మొత్తాన్ని రాయ్ వస్తువుల్లో కట్టాడు. కిటికీకి చిరిగిన తెర, పక్క మీద దొరికే తలపిన్ను, సిగరెట్ పెట్టెలో అన్నం తరవాత ఒక్కటే కాల్చమని రాసి పెట్టిన చీటీ. సినిమా చూస్తున్న భార్యాభర్తల ముందున్న తెర కరిగి గుర్రబ్బండి కిటికీ అయిపోయే చోట నేను ప్రతిసారీ వెనక్కి తిప్పి చూస్తాను. మొదటి సినిమాలో రెల్లుపూల వెనక అద్భుతంగా కనిపించిన రైలు ఇక్కడ ఇంటి పక్కనే చెవులు మూసుకునేంత రొద. అపర్ణ పోయాక అపు పట్టాల దగ్గర నిలబడతాడు, రైలు కింద పడేది ఒక పంది.

అమ్మకి ఈ మూడో సినిమాతో పేచీ ఉండేది. ఐదేళ్ళు కన్నకొడుకు మొహం చూడనివాణ్ణి ఆమె క్షమించలేకపోయింది. తండ్రినని వచ్చినవాణ్ణి ఆ కొడుకు కాజల్ రాళ్ళతో కొట్టబోతే "కొట్టనీ" అంది. చివర్లో, నాన్నగా కాక స్నేహితుడిగా రమ్మంటే పిల్లాడు పరుగెత్తుకొచ్చి భుజాలెక్కుతాడు. చూసేవాళ్ళందరికీ కళ్ళు చెమర్చే చోట ఆమె అడిగింది, "మరి ఆ ముసలాయన సంగతేమిటే?"

అపర్ణ తండ్రి. కూతుర్ని పోగొట్టుకుని, ఆమె బిడ్డని పెంచి, ఇప్పుడు వాణ్ణి కూడా పంపించేసి నిలబడ్డవాడు. అపు, కాజల్ కలుసుకుంటుంటే దూరం నుంచి చూస్తున్న ఆయన్ని రాయ్ మనకు చూపిస్తాడు. సంతోషం ఎటువైపు ఉందో అటే చూసే అలవాటున్నవాళ్ళకి ఆయన కనిపించడు. అపు వంశం నిలిచింది, అదే ముగింపు అని నేను వాదించేదాన్ని. ఊళ్ళో ఇంకో సర్వజయని వదిలేసి సినిమా ఆపేశాడని ఆమె అనేది. ఎన్ని ఏళ్ళయినా ఇద్దరం దిగిరాలేదు. ఇప్పుడు వాదించడానికి అవతల మనిషి లేదు గనక, ఆమె మాటే నెగ్గింది.