సీసపు రంగుల నిబంధనలు: ఒక విమర్శ

ఇండ్లకు వేయు రంగులలో సీసము మితిమీరి ఉండరాదని కేంద్ర ప్రభుత్వము 2016లో నిబంధనలు చేసినది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. గృహములకు, అలంకరణకు వాడు రంగులలో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకంటె ఎక్కువ సీసము ఉండరాదనుట వాటి సారాంశము. ఇవి పసిబిడ్డలను ఎంతవరకు కాపాడగలవు? హైదరాబాదునకు పడమట నున్న హైటెక్ సిటీ, మాదాపూరు, గచ్చిబౌలి పరిసరములను దృష్టిలో నుంచుకొని చూచినచో వీటి గుణదోషములు రెండును తేటపడును.

ముందు గుణమును చెప్పవలెను. లెడ్ క్రోమేటు రంగునకు మెరుగైన పసుపు వన్నె నిచ్చును. సింధూరము, అనగా ఎఱ్ఱని సీసపు ఆక్సైడు, ఇనుమును త్రుప్పు పట్టకుండ కాపాడును. ఈ సదుపాయములకై ఎంతో కాలము సీసమును రంగులలో కలిపిరి. కాని శరీరమునకు సీసముతో ఏ ప్రయోజనమును లేదు. అది కాల్షియమువలె నటించి నాడీకణములలో ప్రవేశించును, ఎముకలలో ఏండ్ల తరబడి నిలిచియుండును. మ్రింగిన సీసములో పెద్దలకు సుమారు పదవ వంతు మాత్రమే ఒంటబట్టగా, పసివారికి సగము వరకు ఒంటబట్టును. తగ్గిన తెలివితేటలను మందులు తిరిగి తేలేవు. కనుక విషమును మొదటనే అరికట్టుట సరియైన మార్గము. మన దేశమున 2000 నాటికి పెట్రోలునుండి సీసమును తొలగించుటయు ఈ మార్గమే.

ఒక చిన్న లెక్క వేసి చూతము. పాత రంగులో నూటికి ఒక పాలు సీసమున్న దనుకొందము. గ్రాములో పదవ వంతు బరువుగల చిన్న పెచ్చులో 1000 మైక్రోగ్రాముల సీసముండును. నిబంధనకు లోబడిన రంగులో అంతే పెచ్చునందు 9 మైక్రోగ్రాములకు మించదు. 12 కిలోల బిడ్డ శరీరములో రక్తము సుమారు 9 డెసిలీటర్లు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములున్నచో సీసము ఎక్కడ నుండి వచ్చుచున్నదో వెదకవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. అనగా రక్తమంతటిలో 45 మైక్రోగ్రాములు చాలును. పాత పెచ్చునకును కొత్త పెచ్చునకును గల భేద మిందువలన తెలియును.

అయితే పాత పెచ్చును గూర్చి ఈ నిబంధనలు ఏమియు చెప్పవు. ఇది మొదటి లోపము. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. నాటినుండి 2017 వరకు, అనగా 19 ఏండ్లపాటు, ఆ ప్రాంతమున లేచిన ఇండ్లకు ఈ హద్దు లేదు. అంతకు ముందే యున్న పల్లెల ఇండ్లకును లేదు. గోడలకు వేయు నీటి రంగులకంటె తలుపులకు, కిటికీ ఊచలకు వేయు ఎనామిల్ రంగులలోనే సీస మెక్కువగా కనుపించుచు వచ్చినది. ఇంటిని కొత్తగా తీర్చిదిద్దుటకై ఆ రంగును గరుకు కాగితముతో పొడిగా రుద్దినచో, దుమ్ము నేలపై పరచుకొనును. ప్రాకులాడు బిడ్డ చేతికి, చేతినుండి నోటికి అది చేరును. పనిచేయు కూలీల బిడ్డలు ఆ దుమ్ములోనే ఆడుకొందురు.

రెండవ లోపము, పారిశ్రామిక రంగులు ఈ హద్దునకు వెలుపల నుండుట. కర్మాగారమునకై చేసిన రంగు డబ్బా బడి గేటునకో, ఉయ్యాల స్తంభమునకో వాడబడినచో బిడ్డకు కలుగు హాని మారదు.

మూడవది మిక్కిలి ముఖ్యము. నిబంధనలు డబ్బాలోని సీసమును కొలుచునే గాని బిడ్డ రక్తములోని సీసమును కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో ఆసుపత్రి పాలైరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరీక్షలలో కొందరి రక్తమున సీసము, నికెలు కనుపించినవి. పిమ్మట నిపుణుల దృష్టి పురుగుమందులవైపు మరలినది. మామూలు దినములలో ఆ ఊరివారి రక్తమున సీస మెంత యుండెడిదో ముందుగా కొలిచిన లెక్క యుండినచో, ఆ అంకెల అర్థము త్వరగా తేలియుండెడిది. పసివారందరికి ఇట్టి పరీక్ష చేయు ఏర్పాటు దేశములో లేదు.

కావున నిబంధనలు మంచివే, కాని చాలవు. పారిశ్రామిక రంగులకును హద్దు విధింపవలెను. పాత రంగును గీకు పద్ధతిని నిర్ణయింపవలెను. పసివారి రక్తపరీక్షలు మొదలుపెట్టవలెను. ఈలోగా ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. బడి బల్లలకు, గేటుకు రంగు కొనునపుడు డబ్బాపై సీసమును గూర్చిన వివరమును చదువవలెను. పాత రంగును పొడిగా రుద్దనీయక, తడిపి తీయింపవలెను. అప్పుడు పిల్లలను, గర్భిణులను దూరముగా నుంచవలెను. చీపురుతో దుమ్ము లేపక తడిగుడ్డతో తుడువవలెను. అన్నమునకు ముందు చేతులు కడుగుకొను అలవాటు చేయవలెను. ఇనుము, కాల్షియము తక్కువైన శరీరము సీసమును ఎక్కువగా గ్రహించును గనుక రాగులు, ఆకుకూరలు, పాలు పిల్లల ఆహారములో నుండవలెను. వీటిలో దేనికిని చట్టము మారువరకు ఆగనక్కరలేదు.