పోర్టోగీస్ పనితనం: ఒకే అణువు, వేర్వేరు చిరునామాలు

మార్ఫిన్ నొప్పిని తగ్గిస్తుంది, మలబద్ధకం తెస్తుంది, మోతాదు మించితే ఊపిరే ఆపేస్తుంది. ఈ మంచీ చెడూ ప్రధానంగా మ్యూ అనే ఒక్క గ్రాహకం ద్వారానే జరుగుతాయి. మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ మందులు పట్టుకునే ఇలాంటి గ్రాహకాలు మరో రెండున్నాయి: డెల్టా, కప్పా. మందు కుదురుకునే గుంట అడుగుభాగం మూడింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. మరి వాటిలో ఒకదాన్నే ఎంచి పట్టుకునే అణువును తయారుచేయడం ఎలా? మినెసోటా విశ్వవిద్యాలయంలో ఫిలిప్ పోర్టోగీస్ బృందం 1980ల నుంచి చేసిన పనిలో దీనికి జవాబుంది. నా దృష్టిలో ఔషధ రసాయన శాస్త్రంలో అంత పొదుపైన పని అరుదు.

ఆధారం శరీరంలోనే దొరికింది. 1975లో అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ ఎన్‌కెఫలిన్లను గుర్తించారు. ఇవి అయిదేసి అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు. ఆ తర్వాత దొరికిన డైనార్ఫిన్ ఇంకా పొడవైనది, కప్పాను ఇష్టపడుతుంది. అయినా రెండూ టైరోసిన్‌తోనే మొదలవుతాయి. హార్మోన్లలో ఒక భాగం సందేశమైతే మరో భాగం చిరునామా అని స్విస్ శాస్త్రవేత్త రాబర్ట్ ష్వైజర్ అంతకుముందే చెప్పి ఉన్నారు. ఉత్తరం ఒకటే, కవరు మీద ఊరు మారుతుంది. పోర్టోగీస్ ఈ ఆలోచనను ఓపియాయిడ్లకు వర్తింపజేశారు. టైరోసిన్ సందేశం, నాలుగో స్థానంలోని ఫినైల్‌అలనిన్ డెల్టాకు చిరునామా, డైనార్ఫిన్‌లో ఏడో స్థానంలోని ఆర్జినిన్ కప్పాకు చిరునామా.

సందేశంగా ఆయన తీసుకున్నది నాల్ట్రెక్సోన్. ఇది గ్రాహకంలో కూర్చుంటుంది గానీ దాన్ని పనిచేయనివ్వదు. దాని ఆరో కార్బన్ దగ్గర ఒక కీటోన్ ఉంది. ఫినైల్‌హైడ్రజీన్ కలిపితే అక్కడ ఇండోల్ వలయం ఏర్పడుతుంది. ఈ చర్యను ఎమిల్ ఫిషర్ 1883లోనే కనిపెట్టారు. కొత్తగా చేరిన బెంజీన్ వలయం ఫినైల్‌అలనిన్ వలయానికి బదులు నిలిచింది. అలా వచ్చిన నాల్ట్రిండోల్ డెల్టాను ఎంచి అడ్డుకుంది. పాత అణువు, పాత చర్య. కొత్తది ఆలోచన ఒక్కటే.

కప్పా కథ ఇంత నేరుగా నడవలేదు. పక్కపక్కన ఉండే రెండు గ్రాహకాలను ఒకేసారి పట్టుకోవాలని రెండు నాల్ట్రెక్సోన్లను జోడించారు. అలా పుట్టిన నార్‌బైనాల్టార్ఫిమిన్ కప్పాను గట్టిగా ఎంచుకుంది, కానీ అనుకున్న కారణం వల్ల కాదు. రెండో సగం మొత్తం అక్కర్లేదని, అందులోని ధనావేశపు నైట్రోజన్ ఒక్కటే ఆర్జినిన్ పని చేస్తోందని తర్వాత తేలింది. మొదటి ఊహ మీద మమకారం పెంచుకోకుండా బృందం ఆ నైట్రోజన్ వెంట వెళ్ళింది.

ఆ దారిలోనే అసలైన పనితనం కనిపిస్తుంది. డెల్టాకు తయారైన నాల్ట్రిండోల్‌నే తీసుకుని, దాని ఇండోల్ అంచున సరైన చోట గ్వానిడిన్ సమూహాన్ని తగిలించారు. ఆర్జినిన్ కొసన ఉండేదీ అదే సమూహం. మిగతాదేదీ ముట్టుకోలేదు. అణువు డెల్టాను వదిలి కప్పా వైపు తిరిగింది!

దీనికి కారణం గ్రాహకంలోనే ఉంది. మందు కూర్చునే గుంట పైఅంచులో ఒక స్థానం ఉంది. అక్కడ కప్పాలో గ్లుటామేట్, మ్యూలో లైసిన్, డెల్టాలో ట్రిప్టోఫాన్ ఉంటాయి. రుణావేశపు గ్లుటామేట్ ధనావేశపు నైట్రోజన్‌ను ఆకర్షిస్తుంది. మ్యూలో ఆ చోట ఉన్న 303వ లైసిన్‌ను గ్లుటామేట్‌గా మార్చి చూస్తే కప్పాను ఎంచుకునే మందు అక్కడా గట్టిగా అతుక్కుంది. 2012లో స్టాన్‌ఫర్డ్‌లో బ్రయాన్ కోబిల్కా బృందం డెల్టా గ్రాహకాన్ని నాల్ట్రిండోల్‌తో సహా స్ఫటికంలో చూసింది. సందేశం అడుగున, చిరునామా పైన, ట్రిప్టోఫాన్ పక్కనే! కాగితం మీద గీసుకున్న ఊహకు పాతికేళ్ళ తర్వాత దొరికిన రుజువది.

లోపాలు లేవని కాదు. ఎంపిక ఎప్పుడూ మోతాదుకు లోబడే ఉంటుంది. పెంచుతూ పోతే పక్క గ్రాహకాలూ తగులుతాయి. నార్‌బైనాల్టార్ఫిమిన్ ఎలుకల్లో నెమ్మదిగా అందుకుని వారాల తరబడి వదలదు. ఈ అణువులు ప్రయోగశాల పనిముట్లుగానే మిగిలాయి. అయితే ఆ బృందంలో పనిచేసిన హిరోషి నగాసే జపాన్‌కు వెళ్ళి, టోరే సంస్థలో అదే నాల్ట్రెక్సోన్ నుంచి నాల్ఫురాఫిన్ రూపొందించారు. ఇది కప్పాను అడ్డుకోదు, ప్రేరేపిస్తుంది. డయాలిసిస్ రోగులను వేధించే, మామూలు మందులకు లొంగని దురదకు జపాన్ 2009లో దీన్ని ఆమోదించింది.