అక్షరాల వరుసలో దుఃఖం

బైబిల్లోని విలాపవాక్యముల గ్రంథంలో ఉన్నవి అయిదే అధ్యాయాలు. క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును నేలమట్టం చేశాక మిగిలినవారి ఏడుపు అది. ఆకలికి వీధుల్లో సొమ్మసిల్లిన పసిపిల్లలు, కూలిన ఆలయం, ఓదార్చే దిక్కులేక విధవరాలిలా కూర్చున్న నగరం. ఆ ఏడుపుకూ ఒక అల్లిక ఉంది. హెబ్రీ అక్షరాలు 22. మొదటి, రెండో, నాలుగో అధ్యాయాల్లో ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో వరుసగా మొదలవుతుంది. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడేసి చొప్పున 66 వచనాలు. అయిదో అధ్యాయంలోనూ 22 వచనాలే గాని, అక్షరాల వరుస ఉండదు. ఏడ్చి ఏడ్చి అలసిన మనిషి వరుస తప్పడం సహజమేనని నాకనిపిస్తుంది. తెలుగు బైబిల్లో ఈ అల్లిక కనబడదు కాబట్టి మనలో చాలామందికి దీని సంగతి తెలియదు.

నా భర్త ప్రభువునందు నిద్రించాక మా ఇంట్లో జరిగిన ఆదరణ కూడికలో ఈ గ్రంథం మూడో అధ్యాయం నుంచి చదివింది మూడు వచనాలు. దేవుని వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందని చెప్పే మాటలవి. "ఏడవకమ్మా, ఆయన మహిమలో ఉన్నాడు" అన్నారు పెద్దలు. వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ ఆ మాటలకు ముందు ఏముందో తర్వాత నేనే కూర్చుని చదువుకున్నాను. మాట్లాడేవాడు దేవుణ్ణి పొంచి ఉన్న ఎలుగుబంటితో పోలుస్తాడు. తన ప్రార్థనను దేవుడే అడ్డుకున్నాడంటాడు. అంత నిష్ఠూరమాడిన నోటి నుంచే నిరీక్షణ మాటా వస్తుంది.

అది చూసి నేనూ ఒక నోటుపుస్తకం తీసుకున్నాను. రోజుకో తెలుగు అక్షరం, ఆ అక్షరంతో దేవుడికి ఒక వాక్యం. "అన్నం ఒక్కదానికే వండుకోవడం చేతకావడం లేదు ప్రభువా" అని మొదలుపెట్టాను. "ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లే ధైర్యం నాకు లేదు" అని మరో రోజు. ఒక వాక్యమే అన్న హద్దు నాకు చాలా మేలు చేసింది. దుఃఖానికి అంతు కనబడని ఆ రోజుల్లో, ఇవాళ్టికి ఇంతే అని పుస్తకం మూసి లేవగలిగాను. త దగ్గరికి వచ్చేసరికి, నేను వెతక్కుండానే, "తమ్ముడు రోజూ ఫోన్ చేస్తున్నాడు, నీకు వందనాలు తండ్రీ" అన్న వాక్యం వచ్చింది. ద దగ్గర మళ్లీ దేవుడితో దెబ్బలాటే.

గ్రంథంలోనూ అంతే. నిరీక్షణ నడిమధ్యలో వెలుగుతుంది, ఆ తర్వాత ఏడుపు మళ్లీ సాగుతుంది. చివరి వచనం, మమ్మల్ని బొత్తిగా విడిచిపెట్టేశావా అన్న సందేహం దగ్గరే ఆగుతుంది. దాన్ని దిద్దకుండా అలాగే పరిశుద్ధ గ్రంథంలో ఉంచినవారికి నేను రుణపడి ఉన్నాను.

థెస్సలొనీకయుల పత్రికలో పౌలు దుఃఖాన్ని నిషేధించలేదు, నిరీక్షణ లేనివారు దుఃఖించినట్టు దుఃఖించవద్దన్నాడు. చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసీ యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. సిలువ మీద ఆయన నోట వచ్చింది 22వ కీర్తనలోని విలాపమే. తిరిగి లేచిన దేహానికీ మేకుల గాయాలున్నాయని యోహాను రాశాడు. నేను నమ్మే పునరుత్థానం ఇదే. నా భర్త లేని లోటు పూడలేదు. అయినా ఈ మధ్య ఆదివారం గుడిలో గొంతెత్తి పాడుతున్నాను, పొరుగింటి పిల్లలకు మళ్లీ లెక్కలు చెబుతున్నాను. ఇది నా సత్తువ కాదని నాకు తెలుసు.

ఆదరణ కూడికలు నడిపే పాస్టర్లకూ సంఘ పెద్దలకూ ఒక విన్నపం. ఈసారి మూడో అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదవండి. 66 వచనాలూ చదివినా పది నిమిషాలకు మించదు. వింటూ ఆ ఇంటివాళ్లు ఏడిస్తే, దయచేసి ఏడవనివ్వండి.