తీగె నిలుచు చోటు

ఎలక్ట్రిక్ గిటారు కొనదలచినవారు మొట్టమొదట రంగును, పిమ్మట పికప్పులను, కట్టకడపట, అదియు జ్ఞప్తికి వచ్చినచో, తీగెలు నిలుచు చోటైన బ్రిడ్జిని విచారింతురు. ఈ క్రమము తలక్రిందులు కావలెనని నా దృఢాభిప్రాయము. పికప్పు చెవికి సంబంధించినది, బ్రిడ్జి చేతికి సంబంధించినది. చెవి రుచి ఏండ్లు గడచినకొలది మారుచుండును; ఆ మార్పునకు తగినట్లు నాలుగు మరలు విప్పి, రెండు వైర్లు అతికి, పికప్పును మార్చుకొనవచ్చును. కదలని బిగింపు బ్రిడ్జిని తీసి మీటతో కదలు బ్రిడ్జి పెట్టవలెనన్న మాత్రము కొయ్యనే తొలువవలసి వచ్చును. మా కడియములో నర్సరీ పని యెరిగినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు: అంటు నచ్చకున్న మరియొక అంటు కట్టవచ్చును గాని, వేరును మార్చుటకు వీలులేదు.

మా వీథిలోని యువకు డొకడు, ఆదివారములందు చర్చిలోను, పెండ్లిండ్ల కాలమున ఆర్కెస్ట్రాలోను గిటారు వాయించువాడు, రాజమహేంద్రవరములో రెండు వాద్యములు చూచివచ్చి నన్నడిగెను. “మావయ్యగారూ, రెండూ ఒకటే రేటండి. ఒకదానికి మీట ఉందండి, రెండోదానికి లేదండి. మీటున్నది కొంటే రెండు రకాలుగానూ వాయించుకోవచ్చు కదండీ?” రెండు రకాలుగను వాయింపవచ్చునా యనునదే విచారింపవలసిన విషయము.

లియో ఫెండర్ 1954లో స్ట్రాటోకాస్టర్ గిటారుతో ప్రచారమునకు దెచ్చిన ఈ మీట బ్రిడ్జి కొయ్యకు గట్టిగా బిగింపబడి యుండదు. ముందువైపున ఆరు తీగెల లాగుడు, వెనుకవైపున గిటారు వీపులోని గుంటలో దాగిన స్ప్రింగుల లాగుడు, ఈ రెండింటి సమత్వముపై అది నిలిచియుండును. మీటను నొక్కినచో తీగెలన్నియు ఒక్కసారిగా వదులై, స్వరసమూహమంతయు క్రిందికి జారి, విడిచినంతనే మరల పైకి వచ్చును. కేవలము వ్రేళ్లతో ఇట్టి పని అసాధ్యము; దాని యందము దానికి కలదు. ఇంగ్లండు వాద్యకారుడు జెఫ్ బెక్ ఆ మీటను చేత నుంచుకొని ఒక్కొక్క స్వరమును గాయకుని కంఠమువలె నడపిన తీరు విన్నవా రెవ్వరును దానిని ఆటవస్తు వనజాలరు.

అయితే ఆ సమత్వమే దాని బలహీనతయు. అంగడిలోనే పరీక్షింపవచ్చును: మొదటి తీగెను మీటి, అది మ్రోగుచుండగనే మూడవ తీగెను వ్రేలితో ప్రక్కకు లాగవలెను. లాగిన తీగె బిగువెక్కి బ్రిడ్జిని ముందుకు వంచును. వంగినంతనే లాగని తీగెలన్నియు వదులై, మొదటి తీగె శ్రుతి మనము వినుచుండగనే దిగజారును. లాగిన తీగెనైనను కోరిన స్వరమునకు చేర్చుటకు అదనముగా శ్రమపడవలయును. తీగె యొకటి తెగెనా, తక్కిన అయిదును అపశ్రుతి పాలగును. తీగెలు కొయ్యగుండ దూరివచ్చు 1950 నాటి ఫెండర్ పద్ధతిలో గాని, గిబ్సన్ వారు 1954లో దెచ్చిన ట్యూనోమాటిక్ పద్ధతిలో గాని, బ్రిడ్జి కదలదు గనుక ఈ బాధ లేదు.

గమకమునకు అంతగా ప్రాధాన్యము లేని సంగీతములో ఇది స్వల్పదోషమే కావచ్చును. మనకు మాత్రము స్వల్పము కాదు. వీణపై సారణి తీగెను ఒక్క మెట్టుమీద నదిమి ప్రక్కకు లాగి పై స్వరములను పలికించుచుండగా, ప్రక్కనున్న మూడు తాళపు తీగెలును శ్రుతిని చలింపనీయక నిలుపుచుండును. లాగబడు తీగెకును నిలుచు తీగెకును గల యా సంబంధమునుండియే ఆ నాదసౌఖ్యము పుట్టుచున్నది. 1922లో ద్రాక్షారామమున జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారు, వారి శిష్యులైన కాకినాడ చిట్టిబాబుగారు ఒక్క మీటుతో స్వరము నెంతదూరము సాగించెడివారో ఈ సీమవారికి నేను చెప్పవలెనా! ఆ వీణ విని పెరిగిన చెవి గిటారునందును అదియే కోరును. శ్రుతికై ఒక తీగెను విడిచి, మరియొక తీగెపై రాగము నల్లగోరువానికి కదలని బ్రిడ్జియే శరణ్యము.

ఇట్టి కోరికను విద్యుద్వాద్యముపై సంపూర్ణముగా నెరవేర్చినవాడు మన గోదావరి సీమవాడే యగుట నాకు మిక్కిలి గర్వకారణము. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, క్లారినెట్ వాద్యకారులైన తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను ఆరేండ్ల ప్రాయమున చేతబట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిన్ వాయించువారు కారు. వారు పాడగా విని శిష్యుడు తీగెపై పలికించెడివాడు. అందుచే ఆ చిన్నివ్రేళ్లకు మొదటినుండియు కంఠమే ఒరవడి యయ్యెను. సాధారణ మాండలిన్‌పై తీగెలు జంటలుగా ఎనిమిది యుండును. జంటను సమముగ లాగుట దుష్కరము, మీటిన నాదము గమకము ముగియకమునుపే క్షీణించును. కావున ఆయన జంటలను విడిచి, ఒంటితీగెలను గైకొని, అయిదవ తీగెను చేర్చి, విద్యుత్ పికప్పు గల వాద్యమును స్వీకరించెను. మృదువుగ మీటినను స్వరము చాలినంతసేపు వినబడుచుండుటచే గమకమునకు వ్యవధి చిక్కెను. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరీ చేసిన ఆ బాలుడు, అనంతరకాలమున ‘రిమెంబర్ శక్తి’ బృందములో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు ప్రక్కన అదే వాద్యముతో కూర్చుండి ప్రపంచమును మెప్పించెను. 2014లో నలువదియైదేండ్లకే ఆయన అస్తమించుట నేటికిని నాకు మింగుడుపడని విషయము. ఆయన వాద్యమునందు జరిగిన ప్రతి మార్పును సంగీతము కోరి చేయించుకొన్నది. అలంకారమునకై చేరినది ఒక్కటియు కానరాదు.

ఇక పికప్పుల మాట. అయస్కాంతము చుట్టును వెండ్రుకవంటి రాగితీగెను వేలకొలది చుట్లు చుట్టినదే పికప్పు. దానిపైన ఉక్కుతీగె కదలినపుడు ఆ చుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమిదియే. ఒంటిచుట్ట పికప్పు స్వరముయొక్క అంచులను సుస్పష్టముగ వినిపించును. మెడవైపున అమర్చిన ఒంటిచుట్టపై వినిన కాంభోజి ఆలాపన నా కత్యంతప్రియము. కాని అది తీగె చలనముతోపాటు చుట్టునున్న కరెంటు రొదనుకూడ గ్రహించును. పెండ్లిపందిరిలో సీరియల్ సెట్లు వెలుగుచు, జనరేటరు నడచుచుండగా, పాట ఆగినచోటనెల్ల స్పీకరునుండి ఎడతెగని ఝుంకారము బయలుదేరును. వాయించువాడు గిటారుతోసహా మెల్లమెల్లగా ప్రక్కకు తిరుగుచు, ఏ దిక్కున రొద తగ్గునో ఆ దిక్కున నిలిచి, పెండ్లికొడుకునకు వీపు చూపుచు రాత్రియంతయు వాయించుట నేను కన్నులార చూచితిని. గిబ్సన్ సంస్థలోని సెత్ లవర్ ఈ బాధకు మందు కనిపెట్టెను. రెండు చుట్టలను ప్రక్కప్రక్కన, వ్యతిరేక దిశలలో, వ్యతిరేక ధ్రువములతో అమర్చినచో తీగె నాదము కూడుకొనును, కరెంటు రొద పరస్పరము రద్దగును. 1957 నుండి గిటార్లలో వచ్చిన ఈ హంబకర్‌లో నాదము పుష్టిగ నుండును. ఒంటిచుట్టలోని తళుకు కొంత తగ్గును. పందిరిలో వాయించువాడు ఆ తళుకును వదలుకొనక తప్పదు.

కావున ఆ యువకునకు బిగింపు బ్రిడ్జి గలదానినే, బ్రిడ్జివైపు హంబకరును, మెడవైపు ఒంటిచుట్టయు నున్నచో మరింత మేలని చెప్పితిని. మా డెల్టాలో వానకాలపు తేమకు బ్రిడ్జి మరలు, స్ప్రింగులు తుప్పుపట్టుట సామాన్యము. కదలు భాగము లెంత తక్కువైన అంత సుఖము. అతడు చూచిన బిగింపు గిటారు మరునాటికే అమ్ముడుపోయెను. దిగులుపడనక్కరలేదు: మీట గలదానినే కొని, వీపుమూత తీసి, స్ప్రింగుల గుంటలో బ్రిడ్జి దిమ్మెకు ఇరువైపుల నున్న సందులను కొలిచి, వడ్రంగిచేత ఆ కొలతకు రెండు టేకు ముక్కలు కోయించి దూర్చినచో బ్రిడ్జి అటునిటు కదలదు. ముక్కలు బిగువుగ కూర్చుండవలెను గాని జిగురు పూయరాదు; ఏనాడైనను మీట కావలెనని అతనికి తోచినచో, ఊడదీయుటకు స్క్రూడ్రైవరు చాలును.